సెల్ఫ్ పట్టుకుంటే సుత్తె పట్టకండి

తాళం తిప్పగానే బానెట్ కింద ‘టక్’మని ఒక్క చప్పుడు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. హెడ్‌లైట్లు వేసి ఉంటే అవి ఒక్కసారిగా ఎర్రబారి, తాళం వదలగానే మళ్ళీ తెల్లగా వెలుగుతాయి. ఇంజినును తిప్పి లేపే స్టార్టర్ మోటరు పేరు సెల్ఫ్; అది ఇట్లా మొరాయిస్తే మన దగ్గర “సెల్ఫ్ పట్టుకున్నది” అంటారు. ఆ మాట వెనకాలే ఇంకో మాట వస్తుంది: “జర రెండు దెబ్బలెయ్, అదే తిరుగుతది.”

దెబ్బ వేస్తే చాలాసార్లు తిరుగుతుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది. తిరిగింది కాబట్టి బాగైందనుకుంటాం. పది రోజులకు మళ్ళీ పట్టుకుంటుంది, మళ్ళీ దెబ్బ వేస్తాం. చివరికి “మోటరు పోయింది, కొత్తది వేయాలి” అని తీర్పు చెప్పేస్తాం. పాత ఎంజీ, ట్రయంఫ్ లాంటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు ఈ తీర్పు మరీ అన్యాయం. వాటి సెల్ఫ్ మోటర్లు విప్పి, కడిగి, కార్బన్లు (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు), బుష్‌లు మార్చి మళ్ళీ బిగించుకునేలా కట్టినవి. పైగా పట్టుకున్నప్పుడు తప్పు మోటరుదే కానక్కర లేదు. బ్యాటరీ నుంచి మోటరు దాకా వచ్చే దారిలో ఉండవచ్చు, లేదా మోటరు అవతల, ఇంజిను వెనకుండే ఫ్లైవీల్ చక్రం చుట్టూ ఉన్న రింగు పండ్లలో ఉండవచ్చు. ఆ రెండూ చూడకుండా మోటరు మార్చకూడదన్నది ఈ వ్యాసం వాదన.

ఇట్లాంటి కార్లు మన జిల్లాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. కానీ వాటి పని తెలిసిన చేతులు మాత్రం తక్కువేమీ లేవు. అంబాసిడర్‌కు చాలా ఏళ్ళు వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిను, ఎంజీఏ మొదటి ఇంజిను ఒకే బీ-సిరీస్ కుటుంబం. ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిను కూడా ఆ ఇంటిదే. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌ను ట్రయంఫ్ హెరాల్డ్ కారు ఛాసీని పొట్టి చేసి కట్టారు. ఆ హెరాల్డ్‌నే మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారుచేశారు. ఈ కార్ల కరెంటు సామాను మీదుండే లూకాస్ పేరు చూసి బెదరాల్సిన పని కూడా లేదు. మద్రాసు పాడిలో లూకాస్-టీవీఎస్ 1961లోనే మొదలైంది. అంబాసిడర్ సెల్ఫ్‌లో పినియన్‌ను, అంటే చిన్న పళ్ళ చక్రాన్ని, రింగు పండ్లలోకి పంపే బెండిక్స్ విప్పి బిగించిన ముసలి మిస్త్రీ దొరికితే స్పోర్ట్స్ కారు సెల్ఫ్ ఆయనకు కొత్తదేమీ కాదు. విడిభాగం తెచ్చేటప్పుడు మాత్రం పినియన్ పండ్లు లెక్కపెట్టి, పాతదాని పక్కన పెట్టి చూసి తీసుకోవాలి.

అసలు “పట్టుకున్నది” అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు జబ్బులు దాక్కొని ఉన్నాయి. పినియన్ వెళ్ళి రింగు పండ్లలో ఇరుక్కోవడం ఒకటి. కరెంటు సరిపోక మోటరు తిరగలేకపోవడం ఒకటి. ఇంజిను స్టార్టయ్యాక కూడా సెల్ఫ్ వదలకపోవడం ఇంకొకటి. మూడింటికీ మందు వేరు. ఏది ఏదో తెలుసుకోవడానికి హెడ్‌లైట్లు చాలు. లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా దిగిపోయి మోటరు తిరగకపోతే, కరెంటు భారీగా పారుతున్నది కానీ మోటరు కదలలేకపోతున్నది, లేదంటే బ్యాటరీ డీలా పడింది. లైట్లు ఏమాత్రం దిగకపోతే కరెంటు మోటరు దాకా పోనే లేదు: తాళం స్విచ్చి, సోలినాయిడ్ (మోటరుకు భారీ కరెంటును కలిపే అయస్కాంతపు స్విచ్చి), తీగ, అరిగిన కార్బన్లలో ఏదో ఒకటి. ‘టకటకటక’మని సోలినాయిడ్ కొట్టుకుంటే ముందు బ్యాటరీని, టెర్మినళ్ళను అనుమానించాలి.

ఇరుక్కోవడం సంగతి ముందు చూద్దాం. పాత కార్లలో ఎక్కువగా ఉండేది బెండిక్స్ రకం. పినియన్‌ను ముందుకు నెట్టే ఫోర్కు గీర్కు ఏదీ ఉండదు. షాఫ్టు మీద మెలికల మరలున్న స్లీవు, దాని మీద వదులుగా కూర్చున్న పినియన్, అంతే. మోటరు ఒక్కసారిగా గిర్రున తిరిగేసరికి పినియన్ తన బరువు వల్ల వెంటనే తిరగలేక వెనకబడుతుంది. అట్లా వెనకబడటం వల్లే మరల మీద జరిగి రింగు పండ్లలోకి పోతుంది. ఇంజిను అందుకోగానే రింగు పినియన్‌ను షాఫ్టు కన్నా జోరుగా తిప్పి, దాన్ని వచ్చిన దారినే వెనక్కి విసిరేస్తుంది. అంటే ఈ ఏర్పాటంతా రెండింటి మీద నడుస్తుంది: మోటరు అదాటున తిరగాలి, పినియన్ మరల మీద నూనె లేకుండానే జారాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే మోటరు మెల్లగా లేస్తుంది, పినియన్ సగం దూరం పోయి పండు మీద పండు ఎక్కి ఆగిపోతుంది. మరల మీద జిడ్డు పేరుకున్నా అదే గతి.

దారిలో ఇరుక్కుంటే విడిపించే పద్ధతి ఇది. తాళం తీసేయండి. బండి చదునుగా ఉన్న చోట టాప్ గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు వదిలి, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపండి. ‘టక్’మని పినియన్ వదిలిన చప్పుడు చెవికి తెలుస్తుంది. వదలకపోతే మోటరు వెనక చివర చిన్న రేకు మూత ఉంటుంది. దాన్ని తీస్తే నలుపలకల షాఫ్టు కొన కనబడుతుంది. గేరు న్యూట్రల్‌కు తెచ్చి, ఆ కొనకు పానా పట్టించి అటూ ఇటూ తిప్పితే పినియన్ బయటికొస్తుంది. ఆ మోటరు కట్టినవాళ్ళు పెట్టిన కొన అది, ఈ పనికే పెట్టారు. మోటరు మీద సుత్తె దెబ్బలు వేసేవాళ్ళు ఒక్కసారి ఆ మూత తీసి చూస్తే బాగుండును.

చేయకూడనిది ఒకటుంది. పినియన్ ఇరుక్కొని ఉండగా బండిని నూకి స్టార్టు చేయకండి. పినియన్‌కు తొమ్మిదో పదో పండ్లు, రింగుకు నూరుకు పైగా. ఇంజిను రెండు వేల చుట్లు తిరిగితే, వదలని పినియన్ వెంట ఆర్మేచర్ (మోటరు లోపల తిరిగే భాగం) ఇరవై వేలకు పైగా తిరగాల్సి వస్తుంది. ఆ జోరుకు ఆర్మేచర్ చుట్టలోని రాగి గాడుల్లోంచి లేచి బయటికొస్తుంది. అప్పుడిక నిజంగానే మోటరు పోయినట్టు.

విడిపించిన తర్వాతే అసలు పని మొదలవుతుంది. బ్యాటరీ ఎర్తు తీగ ముందు తీసి, సెల్ఫ్ తీగ విప్పి, రెండు బోల్టులు తీసి మోటరు కిందికి దించండి. ఆ బోల్టులు ఎంత బిగువుగా ఉన్నాయో విప్పేటప్పుడే గమనించాలి. అవి వదులైతే మోటరు వారగా కూర్చుంటుంది, పండ్లు ఏటవాలుగా కలుస్తాయి. ఎన్నో ఇరుకుళ్ళకు మూలం అంత చిన్నదే. ఇప్పుడు బెండిక్స్‌ను దగ్గరగా చూడండి. మరల గాడుల్లో నల్లటి ముద్ద ఉంటుంది. గోటితో గీకితే క్లచ్ ప్లేటు పొడి, ఎప్పుడో ఎవరో రాసిన గ్రీజు, దాంట్లో కలిసిన మన ఎర్ర చెల్కల దుబ్బ, మూడూ కలిసి గట్టిపడ్డ పేస్టులా వస్తుంది. మహబూబ్‌నగర్ వైపు మట్టి రోడ్ల మీద తిరిగే బండైతే అది ఇటుక రంగుకు తిరిగి ఉంటుంది. పినియన్‌ను వేలితో తిప్పితే సగం దాకా వచ్చి ఆగుతుంది. మోటరు లోపల జరిగేదీ అదే.

దీన్ని గ్యాస్‌నూనెలో (కిరోసిన్‌లో) నానబెట్టి, పళ్ళ బ్రష్షు లాంటి సన్న బ్రష్షుతో ప్రతి గాడీ రుద్ది కడగాలి. రెండోసారి శుభ్రమైన నూనెలో కడిగి, ఆరబెట్టాలి. మోటరునంతా ముంచకండి, కాయిళ్ళలోకి, బుష్‌ల్లోకి పోకూడదు. బెండిక్స్‌ను షాఫ్టు నుంచి విప్పాల్సి వస్తే కొన్నిటికి కాటర్ పిన్నూ నట్టూ, కొన్నిటికి సర్క్లిప్పు ఉంటుంది. వెనక ఉండే లావు స్ప్రింగు నొక్కుకొని ఉంటుంది కాబట్టి వైసులో గానీ క్లాంపుతో గానీ అదిమి పట్టి తీయాలి, ముఖం ఎదురుగా పెట్టకూడదు. కడిగాక షాఫ్టును చేతిలో పట్టుకొని మణికట్టు ఒక్క విసురు విసిరితే పినియన్ మరల మీద సరసరా ఎక్కి, చిన్న స్ప్రింగు తోపుడుకు తనంతట తాను వెనక్కి రావాలి. అట్లా రానంత వరకు బిగించకండి.

ఇక్కడే మన అలవాటుతో నాకు గట్టి తగాదా ఉంది. కడిగిన చేత్తోనే గ్రీజు రాస్తారు. “ఎండిపోయి ఉన్నది, జర జిడ్డు ఉంటే మంచిగ జారుతది” అంటారు. బెండిక్స్ ఉండేది క్లచ్ పొడి ఎగిరే గూట్లో. గ్రీజు రాయడమంటే ఆ పొడిని రమ్మని పిలవడమే. పొడిగా వదిలేయడమే మందు. మరీ అనిపిస్తే పెన్సిలు ములుకు పొడి, అదే గ్రాఫైట్, చిటికెడు చాలు.

మోటరు బయట ఉన్నప్పుడే ఆ కంతలోంచి టార్చి వేసి ఫ్లైవీల్ రింగు చూడాలి. ఇది మరిచిపోతే చేసిన పనంతా సగమే. నాలుగు సిలిండర్ల ఇంజిను ఆపినప్పుడల్లా ఎక్కడ పడితే అక్కడ ఆగదు. కంప్రెషన్ అడ్డుపడి ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లనే ఆగుతుంది. కాబట్టి పినియన్ ఎప్పుడూ ఆ రెండు చోట్లే తగులుతుంది, రింగు అక్కడే అరుగుతుంది. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంజినును చేత్తో మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పుతూ ప్రతి పండూ చూడండి. మంచి పండు అంచు నలుపలకగా ఉంటుంది, అరిగింది రంపపు పన్నులా మొన తేలి ఉంటుంది. కొద్దిపాటి గరుకును సన్న ఆకురాయితో సరిచేయవచ్చు. రెండు చోట్లే అరిగి మిగతాది బాగుంటే కొత్త రింగు కొనక్కర లేదు. గేర్‌బాక్సు దించినప్పుడు ఫ్లైవీల్ మీది నుంచి రింగును తీసి, పావు చుట్టు తిప్పి మళ్ళీ ఎక్కించవచ్చు. రింగును సమానంగా 200 నుంచి 230 డిగ్రీల దాకా వేడిచేస్తే సాగి దానంతటదే కూర్చుంటుంది. నిప్పులా ఎర్రబడే దాకా కాలిస్తే పండ్ల గట్టిదనం పోతుంది. బెండిక్స్ పినియన్ వచ్చే వైపు పండ్లకు ఏటవాలు చెక్కుడు ఉంటుంది, రింగును తిరగేసి ఎక్కిస్తే ఇరుకుడు మొదటి రోజే మొదలవుతుంది.

పండ్లు బాగున్నాయి, బెండిక్స్ శుభ్రంగా ఉంది, అయినా ఇరుక్కుంటున్నదంటే ఇగ్నిషన్ టైమింగు చూడండి. నిప్పు మరీ ముందే పడితే సెల్ఫ్ తిప్పుతుండగానే ఇంజిను వెనక్కి తంతుంది. డిస్ట్రిబ్యూటర్‌లో వేగాన్ని బట్టి నిప్పును ముందుకు జరిపే అడ్వాన్సు బరువులు తుప్పుపట్టి తెరుచుకొని ఉండిపోయినా ఇంతే. ఆ తన్నుకు బెండిక్స్ లావు స్ప్రింగు విరుగుతుంది, షాఫ్టు వంగుతుంది, పినియన్ అడ్డంగా కరుచుకుంటుంది. సెల్ఫ్ మార్చిన ప్రతిసారీ రెండు నెలలకే పోతున్నదంటే నేరం చాలావరకు డిస్ట్రిబ్యూటర్‌ది.

ఇక కరెంటు దారి. ఇది అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది, ఎందుకంటే కంటికి కనబడదు. చిన్న పెట్రోలు ఇంజినును తిప్పడానికి సెల్ఫ్ నూట యాభై ఆంపియర్ల దాకా లాగుతుంది, మోటరు కదలకుండా ఆగిపోతే అంతకు రెట్టింపు పైనే. ఇంత కరెంటు పారే దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డం ఉన్నా 150 ఆంపియర్లకు ఒకటిన్నర వోల్టులు అక్కడే తినేస్తుంది. అంటే తెల్లటి బూజు పట్టిన బొటనవేలంత టెర్మినల్ మీద 225 వాట్ల వేడి. మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి తీగను కొలిస్తే ఇది దొరకదు, సున్నా చూపిస్తుంది. కరెంటు పారుతున్నప్పుడు వోల్టేజీ కొలవాలి.

మీటరు 20 వోల్టుల మీద పెట్టండి. ఇంజిను అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్ తీగ తీసేయండి, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో రెండుసార్లు చూడండి. ముందు బ్యాటరీ: రాత్రంతా ఊరికే ఉన్నాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 అంటే ఖాళీ కిందే లెక్క. సెల్ఫ్ కొడుతుండగా అది 9.6 కిందికి దిగితే ముందు బ్యాటరీని చార్జి చేసి మళ్ళీ చూడాలి. బ్యాటరీ బాగుంటే మీటరు ఒక ముల్లును బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే), ఇంకోదాన్ని మోటరు టెర్మినల్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు లోపు చూపాలి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ పోస్టుకూ మోటరు బాడీకీ మధ్య కొలవండి. అది 0.3 దాటకూడదు. దాటితే ఒక్కో జాయింటూ దాటుకుంటూ ముల్లు జరపండి: పోస్టు నుంచి క్లాంపు, క్లాంపు నుంచి తీగ, తీగ నుంచి బాడీ, బాడీ నుంచి ఇంజిను. ఏ జాయింటు దగ్గర అంకె గెంతుతుందో దొంగ అక్కడే ఉన్నాడు. 1960ల మధ్య దాకా వచ్చిన బ్రిటిష్ కార్లలో పాజిటివ్ ఎర్తు ఉంటుంది, అంటే బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిసి ఉంటుంది. ఎంజీబీ 1967 చివర్లోనే నెగెటివ్‌కు మారింది. పాజిటివ్ ఎర్తు బండిలో పై రెండు కొలతలకూ బ్యాటరీ పోస్టులను తారుమారు చేసుకోండి, జంపర్ తీగలు వేసే ముందు మాత్రం రెండుసార్లు చూసుకోండి.

బాడీ నుంచి ఇంజినుకు పోయే ఎర్తు పట్టీ గురించి విడిగా చెప్పాలి. ఇంజిను రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది, రబ్బరు గుండా కరెంటు పారదు. ఆ అల్లిక పట్టీ తెగినా, పెయింటు మీద బిగించినా కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది: యాక్సిలరేటర్ కేబులు, చోక్ కేబులు. సెల్ఫ్ కొట్టగానే చోక్ గుండీ వెచ్చబడితే ఇంకేమీ పరీక్షించక్కర లేదు, పట్టీ మార్చండి.

మొదటి ఎంజీబీల్లో సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలుండేవి. అక్కడి నుంచి ఇంజిను దాకా తీగ పొడుగు నాలుగు మీటర్లనుకుందాం. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగైతే 150 ఆంపియర్ల దగ్గర 0.3 వోల్టు పోతుంది. చవకని 16 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.65 దాకా పోతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగైతే దానికి ఇంకా ఒకటిన్నర రెట్లు. కత్తిరించిన కొనను బ్లేడుతో గీకి చూసి, లోపల తెల్లగా కనబడితే ఆ చుట్టను దుకాణంలోనే వదిలేయండి.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి నీళ్ళ సంగతి. పటిక, సున్నంతో నీళ్ళలో ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టారంటే మన బోరు నీళ్ళు ఎట్లాంటివో వేరే చెప్పక్కర లేదు. ఆ నీళ్ళను బ్యాటరీలో పోస్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. దాంట్లోని క్లోరైడు, ఇనుము పలకలను తినేస్తాయి. ఫిల్టర్ నీళ్ళ ప్లాంటు క్యాను కూడా దీనికి పనికిరాదు. డిస్టిల్డ్ వాటర్ సీసానే కొనాలి.

ఎండాకాలంలో ఇంకో ఫిర్యాదు మొదలవుతుంది. పొద్దున బాగానే తిరుగుతుంది, హైవే మీద గంట నడిపి నార్కట్‌పల్లి దగ్గర చాయ్‌కి ఆపి పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే ఒక్క ‘టిక్’. అరగంట చల్లారితే మళ్ళీ మామూలే. ఇది ఎక్కువగా సోలినాయిడ్ మోటరు నెత్తిన కూర్చొని పినియన్‌ను తానే ముందుకు నెట్టే ప్రీ-ఎంగేజ్డ్ రకానికి వస్తుంది. బండి ఆపాక గాలి ఆడదు, పక్కనే ఉన్న ఎగ్జాస్టు వేడంతా దానికెక్కుతుంది. రాగి ప్రతి డిగ్రీకి 0.39 శాతం చొప్పున అడ్డం పెంచుకుంటుంది. కాయిల్ 30 డిగ్రీల నుంచి 110కి పోతే 31 శాతం, అంటే లాగే కరెంటు పావు వంతు తగ్గిపోతుంది. బయట 44 డిగ్రీలున్న రోజు ఇది ఇంకా తొందరగా వస్తుంది. దానికి తోడు యాభై ఏళ్ళ తాళం స్విచ్చి గుండా వచ్చే సన్న తీగ. మోటరు మార్చితే కొంతకాలం పోయినట్టే ఉంటుంది, మళ్ళీ వస్తుంది. మందు 40 ఆంపియర్ల రిలే ఒకటి. బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ 30కి, అక్కడి నుంచి 87 గుండా సోలినాయిడ్ 50 టెర్మినల్‌కు. తాళం నుంచి వచ్చే పాత తీగ 86కి, 85 ఎర్తుకు. దాంతోపాటు సోలినాయిడ్‌కూ ఎగ్జాస్టుకూ మధ్య రేకు అడ్డం కట్టండి. రేకు దేనికీ తగలకూడదు, నడుమ గాలి ఆడాలి.

వదలకపోవడం ఈ రకానికే ఎక్కువ, మూడింటిలో ఇదే ప్రమాదం. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు సోలినాయిడ్ పట్టీ వదిలీ కొట్టుకుంటుంది. ప్రతి కొట్టుడుకూ లోపలి రాగి బిళ్ళ మీద మెరుపు లేస్తుంది, ఆ మెరుపుకు బిళ్ళ టెర్మినళ్ళకు అతుక్కుపోతుంది. తాళం తీసినా మోటరు తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు బ్యాటరీ తీగ తీయడం తప్ప దారి లేదు. అందుకే ఇట్లాంటి బండికి బ్యాటరీ కటాఫ్ స్విచ్చి చేతికందే చోట ఉండాలి. మన్ననూరు గేటు దాటి నల్లమల అడవిలోకి పోయాక పానా వెతుక్కునే సమయం ఉండదు. ‘టకటక’ వినబడగానే ఆపండి, అట్లాగే కొడుతూ పోకండి.

సుత్తె ఎందుకు పనిచేస్తుందో ఇప్పుడు చెప్పవచ్చు. గూట్లో బిగుసుకున్న కార్బన్ ఆ అదురుకు జారి, ఆర్మేచర్ కొనన ఉండే రాగి పలకల కమ్యుటేటర్‌ను తాకుతుంది. కాబట్టి దెబ్బకు తిరిగిందంటే అది మరమ్మతు కాదు, కార్బన్లు చూడమని చెప్పే గుర్తు. లూకాస్ మోటర్లలో కార్బన్ సుమారు 8 మిల్లీమీటర్లకన్నా పొట్టిగా అయితే మార్చాలి. కమ్యుటేటర్‌ను సన్న గాజు కాగితంతో రుద్దాలి. ఎమరీ కాగితం వాడితే దాని రేణువులు రాగిలో దిగబడతాయి. డైనమోకు చేసినట్టు పలకల మధ్య మైకాను చెక్కకండి, ఈ సెల్ఫ్ మోటర్లకు అది చేయకూడదు. పోల్ ముక్కల లోపలివైపు మెరుపు గీతలు కనబడితే బుష్‌లు అరిగి ఆర్మేచర్ ఒరుసుకుంటున్నట్టు. కొత్త కంచు బుష్‌ను పల్చని ఇంజిన్ ఆయిలులో ఒక రోజంతా నానబెట్టి ఎక్కించాలి, అది స్పంజిలా నూనె పీల్చుకొని అదే దాని ఆయుష్షంతా వాడుకుంటుంది.

ఇంత చేసినా పనికిరాని మోటర్లుంటాయి. ఆర్మేచర్ చుట్ట కాలిపోతే, వాసనే చెబుతుంది. అప్పుడు గేర్ రిడక్షన్ సెల్ఫ్ (లోపలి పళ్ళ చక్రాలతో మోటరు బలాన్ని పెంచే రకం) వేసుకోవడం తప్పేమీ కాదు, తక్కువ కరెంటుతో బలంగా తిప్పుతుంది. కానీ అరిగిన రింగు మీద దాన్ని వేస్తే కొత్త పినియన్ కూడా పాడవుతుంది. చాలావాటిలో కాయిళ్ళకు బదులు అతికించిన ఫెర్రైటు అయస్కాంతాలుంటాయి, సుత్తె దెబ్బకు పగులుతాయి. పాత మోటరును మాత్రం పాత ఇనుముకు అమ్మకండి, నూనె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి.

అంతా బిగించాక సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో అర నిమిషం ఆగండి. అందుకోకపోతే ఇంజిను పూర్తిగా నిలిచే దాకా మళ్ళీ తాళం తిప్పకండి, ఊగుతున్న రింగు మీదికి పినియన్ వెళ్ళి గుద్దుకుంటుంది. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక ఆ రెండు మౌంటింగ్ బోల్టులకు మరోసారి పానా వేసి చూడండి.